మంచం మీది కోట్లు

"బట్టల ప్రయోగశాలలో అన్నేళ్ళు పనిచేశారు కదా, నైలాను గురించో టెర్లిన్ గురించో నాలుగు పేజీలు రాసివ్వండి" అని మన పత్రిక సంపాదకులు రెండేళ్ళుగా అడుగుతున్నారు. ఇదుగో అదుగో అంటూ తప్పించుకు తిరుగుతున్నాను. నైలాను గురించి రాయడం నాకేమీ కష్టం కాదు. కాని మొదలుపెడితే 1977 డిసెంబరు 10వ తేదీ రాత్రి గురించి కూడా రాయక తప్పదు. ఆ రాత్రి సంగతి తెలిసినవాళ్ళు ఈ హామిల్టన్‌లో ఇప్పుడు నలుగురో అయిదుగురో మిగిలారు. వాళ్ళకి తెలిసినది కూడా సగమే. రెండో సగం నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు. అంచేత ఈసారి కలం పట్టాను.

ముందు పోగుల సంగతి చెప్పి, తరువాత ఆ రాత్రి సంగతికి వస్తాను. పోగుల సంగతి తెలియకపోతే నేను చేసిన తప్పు ఎలాంటిదో బోధపడదు.

మా అమ్మకి ఫోరెన్సిక్ సైన్సు అన్న మాట తెలియదు. కాని అందులో మొదటి పాఠం నాకు చెప్పినది ఆవిడే. పట్టుచీర బేరం చేసేటప్పుడు కొంగు చివర ఒక పోగు లాగి, "ఏదీ, అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి" అని దుకాణదారుని అడిగేది. పోగు అంటించి వాసన చూసేది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట తీసెయ్యగానే ఆరిపోయి, మిగిలిన నల్లటి బొడిపె వేళ్ళ మధ్య పొడి పొడి అయితే అది పట్టు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు, లేకపోతే రేయాన్. అలాంటి కృత్రిమ పట్టుని మనవాళ్ళు సిల్కు అనే అనేవారు. కాగజ్‌నగర్‌లో సర్‌సిల్క్ అని ఒక మిల్లే ఉండేది. పేరులో సిల్కు ఉంది గాని పట్టుపురుగుకీ ఆ సరుకుకీ చుట్టరికం లేదు. ఇక నైలానయితే కాలడానికి ముందే మంటకి ఎడంగా ముడుచుకుపోతుంది, కరుగుతుంది, చల్లారాక గోటికి లొంగని పూస అవుతుంది. టెర్లిన్ కూడా దాదాపు అంతే, మసి పొగ అదనం.

రెండో పాఠం కూడా ఆవిడదే. దుకాణంలో దీపాల కింద రంగు ఎంత నచ్చినా, చీర పట్టుకొని వీధి గుమ్మంలోకి వెళ్ళి ఎండలో చూడనిదే డబ్బు తీసేది కాదు. చీర, జాకెట్టు గుడ్డ దీపం కింద ఒకే రంగుగా కనబడి, ఇంటికొచ్చాక ఎండలో వేరు వేరుగా తేలడం మీ అందరికీ అనుభవమే. వేసిన రంగులు వేరయినా ఒక వెలుగులో ఒకటిగా కనబడవచ్చు. దీన్ని శాస్త్రజ్ఞులు మెటామెరిజం అంటారు. మా అమ్మ "దీపం మోసం" అనేది.

ఈ కృత్రిమ పోగులు చాలా పాతవేమీ కావు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నైలాను తయారుచేశాడు. 1940లో ఆడవాళ్ళ మేజోళ్ళుగా బజారులోకి వచ్చింది. మనం ఒంటారియో సరస్సుకి పడమటి కొసన ఉన్నాం. తూర్పు కొసన ఉన్న కింగ్‌స్టన్‌లో 1942లో కెనడా మొదటి నైలాను కర్మాగారం మొదలయింది. యుద్ధకాలం కనుక పారాషూట్ల కోసం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెర్లిన్ కనిపెట్టారు. మా కాలేజీ రోజుల్లో టెర్లిన్ చొక్కా ఉన్నవాడు పెళ్ళికొడుకుతో సమానం. స్వెట్టర్లకీ శాలువలకీ వాడే అక్రిలిక్ పోగు 1950 ప్రాంతంలో వచ్చింది. ఉన్నిలాగా వెచ్చగా ఉంటుంది, చిమ్మట కొట్టదు, చవక. కెనడా చలిలో కొత్తగా దిగిన మనబోటి వాళ్ళ మొదటి స్వెట్టరు నూటికి తొంభై పాళ్ళు అక్రిలిక్కే అయి ఉంటుంది.

నేను 1974లో ఇక్కడికి వచ్చేసరికి హామిల్టన్ అంటే ఉక్కు ఊరు. స్టెల్కో, డొఫాస్కో పొగగొట్టాలే ఊరికి గుర్తు. అయినా ఈ ఊరికి బట్టల చరిత్ర కూడా ఉంది. షెర్మన్ అవెన్యూ మీద 1900లో కట్టిన ఇంపీరియల్ కాటన్ కంపెనీ ఎర్ర ఇటుక మేడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఇప్పుడు వాటి పేరు కాటన్ ఫ్యాక్టరీ; మగ్గాలు పోయి చిత్రకారులు చేరారు. నాకు ఉద్యోగం దొరికినది ఇక్కడికి కొంత దూరంలో ఉన్న ఒక దారపు మిల్లు ప్రయోగశాలలో. వచ్చిన దారం చెప్పిన సరుకేనా, రంగు సమంగా పట్టిందా అని చూడడం నా పని.

పోగు జాతి కనుక్కోవడం ఎలాగో కొంచెం చెబుతాను. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకోండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. స్వెట్టరు పోగు అందులో మూడో వంతు కూడా ఉండదు. కంటికి అన్నీ ఒకటే. మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కొక్కదానికీ ఒక్కొక్క తీరు.

మొదట ఆకారం. కృత్రిమ పోగు తీయడం జంతికలు వత్తడం లాంటిదే. గొట్టంలో బిళ్ళ మార్చితే జంతిక ఆకారం మారినట్టు, సన్నటి రంధ్రాల బిళ్ళ ఎలా ఉంటే నైలాను పోగు అడ్డుకోత అలా ఉంటుంది. గుండ్రంగా ఉండవచ్చు, తివాచీల కోసమయితే మూడు రెక్కలతో ఉండవచ్చు. కొన్ని అక్రిలిక్ పోగులు గుండ్రటి రంధ్రంలోంచే వచ్చినా, లోపలి ద్రావకం ఆవిరయ్యేటప్పుడు నడుము లోపలికి పోయి కుక్క కొరికే ఎముకలాగా తయారవుతాయి. రెండోది లోపలి చుక్కలు. మెరుపు తగ్గించడానికి టైటానియం డయాక్సైడు పొడి కలుపుతారు. అది ఎంత కలిపారో, ఎలా పరుచుకుందో చూడవచ్చు. మూడోది పోలరైజ్డ్ కాంతి. పోగులో నిలువుగా కంపించే వెలుగు ఒక వేగంతోనూ, అడ్డంగా కంపించేది మరొక వేగంతోనూ పోతాయి. ఆ రెండు వక్రీభవన గుణకాల తేడా టెర్లిన్‌కి చాలా ఎక్కువ, 0.16 ప్రాంతం. నైలానుకి 0.06 ప్రాంతం. అక్రిలిక్‌కి దాదాపు సున్న. అంచేత చీకటి చేసిన మైక్రోస్కోపులో టెర్లిన్, నైలాను ధగధగ మెరుస్తాయి; అక్రిలిక్ మసగ్గా పడి ఉంటుంది.

నాలుగోది వేడి. పాలీప్రొపిలీన్ 165 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర, నైలాను 6 సుమారు 220 దగ్గర, నైలాను 66, టెర్లిన్ 260 దరిదాపుల్లో కరుగుతాయి. అయిదోది ద్రావకాలు. ఎసిటేటుని ఎసిటోను కరిగిస్తుంది, నైలానుని ఫార్మిక్ ఆమ్లం కరిగిస్తుంది. ఆరోది పరారుణ కిరణాలు. ఒక్కొక్క రసాయన బంధం ఒక్కొక్క కిరణాన్ని మింగుతుంది కనుక, ఏ కిరణం తగ్గిందో చూస్తే పోగు దేనితో అయిందో తెలుస్తుంది. చివరికి రంగు. రంగుని ఇప్పుడు కంటితో కాక యంత్రంతో కొలుస్తారు. వెలుగులోని ఒక్కొక్క రంగునీ పోగు ఎంత మింగిందో గీత గీసి చూపిస్తుంది. మా అమ్మ వీధి గుమ్మంలో చేసిన పనే, కాస్త ఖరీదుగా.

ఇంత చేస్తే తేలేది పోగు ఏ జాతిదో, ఏ రంగుదో మాత్రమే. అది ఫలానా స్వెట్టరుదే అని ఏ మైక్రోస్కోపూ చెప్పలేదు. రంగు తొట్టిలో ఒక్కసారి దింపితే వందల కిలోల దారం ఒకే రంగు పట్టి బయటికి వస్తుంది. అదంతా ఎన్ని స్వెట్టర్లవుతుందో, ఎన్ని ఊళ్ళకి పోతుందో లెక్క కట్టుకోండి. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలుసు. తెలిసి కూడా మరిచిపోయాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పోగులు నడుస్తాయి. ఫ్రాన్సులో లియాన్ నగరంలో 1910లో నేరపరిశోధన ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లోకార్డ్ చెప్పిన సిద్ధాంతం సారాంశం ఏమిటంటే, రెండు వస్తువులు తాకితే దీనిది దానికీ దానిది దీనికీ అంటుకుంటుంది. అలా అంటిన పోగుల్ని జిగురు టేపుతో అద్ది తీసే పద్ధతిని 1951లో జూరిచ్‌కి చెందిన మాక్స్ ఫ్రై సుల్జర్ ప్రవేశపెట్టాడు. ఇంగ్లండులో పౌండ్స్, స్మాల్డన్ అనే ఇద్దరు 1975లో ప్రయోగాలు చేసి, బట్టకి అంటిన పోగుల్లో ఎక్కువ భాగం తొడుక్కుని తిరిగితే మొదటి నాలుగు గంటల్లోనే రాలిపోతాయని చూపించారు. రాలినవి ఊరికే పోవు. కుర్చీకి అంటుకుంటాయి, కుర్చీ నుంచి మరొకరి కోటుకి, ఆ కోటు నుంచి ఇంకొక కోటుకి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. పదివేలకి పైగా మనుషులు పోయారు. ఇప్పట్లాగా ఫోనులు లేవు. ఇక్కడి పత్రికల్లో రెండు మూడు పేరాలు వచ్చాయి. ఉత్తరాలు రావడానికి రెండు మూడు వారాలు పట్టింది. అప్పట్లో హామిల్టన్‌లో తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. డిసెంబరు 10, శనివారం సాయంత్రం, కొండ మీద కాపరం ఉన్న ఒక డాక్టరుగారి ఇంట్లో అందరం చేరి చందాలు పోగుచేశాం. పిల్లలతో కలిపి ముప్ఫైమందిమి. బయట మంచు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కోట్లు విప్పి పడకగదిలో మంచం మీద వేశారు. ఇప్పటికీ మన ఇళ్ళలో జరిగేది అదే కదా. ఆ కోట్ల కుప్ప మీద ఇద్దరు పసిపిల్లలు నిద్రపోయారు కూడా.

చెక్కులు ఒక కవరులో పెట్టాం. రొక్కం 485 డాలర్లు. దాన్ని డాక్టరుగారి భార్య, మేమందరం అక్కయ్యగారు అని పిలిచే ఆవిడ, తన చేత్తో అల్లిన ఎర్రటి సంచిలో పెట్టి పడకగదిలో సొరుగుబల్ల పైసొరుగులో ఉంచారు. భోజనాలయి, అందరూ వెళ్ళాక మేం నలుగురం లెక్క చూద్దామని కూర్చుంటే సంచి లేదు.

నా గదిలో నాతోపాటు అద్దెకి ఉండే మిత్రుడు ఒకడు ఉండేవాడు. పేరు రాయను, రాయవద్దన్నాడు. నాగాయలంక దగ్గరి వాడు. ఉప్పెనలో వాళ్ళ పినతల్లి కుటుంబం ఏమయిందో అప్పటికి ఇంకా తెలియదు. ఆ సాయంత్రం రెండు మూడుసార్లు లేచి పడకగదిలోకి వెళ్ళాడు. ఒంటరిగా కూర్చోవడానికి వెళ్ళాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం "ఎందుకు వెళ్ళాడు?" అని ఒకరన్నారు. "అతని ఉద్యోగం పోయి రెండు నెలలయింది కదా" అని ఇంకొకరన్నారు. ఎవరూ దొంగ అనలేదు. అనవలసిన అవసరం లేకుండా పోయింది.

ఆదివారం ఉదయం అతను స్నానానికి వెళ్ళినప్పుడు, తలుపు వెనక వేలాడుతున్న అతని నీలం కోటు మీద టేపు అద్దాను. జేబుల అంచులు, ముంజేతులు, రొమ్ము. తరువాత అక్కయ్యగారింటికి వెళ్ళి, సంచి అల్లగా మిగిలిన దారపుండలోంచి ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను. సోమవారం మిల్లులో భోజనం వేళ మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాను. టేపు మీద ఏడు ఎర్ర పోగులున్నాయి. ఏడూ అక్రిలిక్. ఎముక ఆకారపు అడ్డుకోత, చుక్కలు ఒకే తీరు, రంగు దారపుండ రంగే. గుండె దడదడలాడింది. నిజం చెప్పాలంటే ఆ దడలో దుఃఖం ఎంతో, "కనుక్కున్నాను" అన్న గర్వం కూడా అంతే.

ఆ సాయంత్రం ఆ ముగ్గురితో "సరిపోయాయి" అన్నాను. ఒక్క మాట. ఏవి దేనికి సరిపోయాయి, ఎంతవరకు సరిపోయాయి, అందువల్ల ఏమి తేలింది, ఏమి తేలలేదు, ఇవేవీ చెప్పలేదు. వాళ్ళు అడగలేదు. నేను ప్రయోగశాల మనిషిని కదా.

రెండు రోజుల్లో సంగతి అతని దాకా వెళ్ళింది. ఎవరు చెప్పారో తెలియదు. అతను నన్ను ఏమీ అడగలేదు. గురువారం రాత్రి ఒక కవరు బల్ల మీద పెట్టి, "గురూ, 485 డాలర్లు ఉన్నాయి. డాక్టరుగారికి ఇచ్చెయ్యి" అన్నాడు. టొరాంటోలో ఎవరి దగ్గరో అప్పు తెచ్చాడని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. మేమందరం అది ఒప్పుకోవడమే అనుకున్నాం. ఆ డబ్బు రొక్కంగా లెక్కలో రాసుకొని దివిసీమకి పంపేశాం. ఫిబ్రవరిలో అతనికి ఎడ్మంటన్‌లో పని దొరికింది. స్టేషనుకి నేనే దింపాను. దారిలో వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

1978 ఏప్రిల్‌లో డాక్టరుగారు ఇల్లు మారారు. సొరుగుబల్ల మోయడానికి సొరుగులు ఊడదీస్తే, ఎర్ర సంచి అడుగు సొరుగు వెనక, వెనక చెక్కకి ఆనుకొని ఉంది. పైసొరుగులో బట్టలు కుక్కి కుక్కి మూసేసరికి వెనకనుంచి జారి కింద పడింది. 485 డాలర్లూ అలాగే ఉన్నాయి.

డాక్టరుగారు చెక్కుతో ఉత్తరం రాశారు. నేనూ రాశాను. నాలుగుసార్లు రాసి చించి, చివరికి రెండు వాక్యాలు పంపాను. నాకు జవాబు రాలేదు. చెక్కు మాత్రం, ఉప్పెన సహాయానికే పంపించండి అన్న చీటీతో డాక్టరుగారికి తిరిగి వచ్చింది. మనవాళ్ళ మధ్య ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాని తప్పుడు మాట పదిమందికి చేరినంత తొందరగా దిద్దుబాటు చేరదు. 1990ల్లో కూడా ఒక పెళ్ళిలో ఒకాయన అతని పేరు విని, "ఆ సంచి మనిషేనా?" అన్నాడు. సంచి దొరికిందని ఆయనకి తెలియనే తెలియదు.

ఇన్నేళ్ళకి ఇది మళ్ళీ కదలడానికి కారణం మన ఒంటారియోలోనే జరిగిన ఒక కేసు. 1984 అక్టోబరు 3న టొరాంటోకి ఉత్తరాన క్వీన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో క్రిస్టీన్ జెసప్ అనే 9 ఏళ్ళ అమ్మాయి కనబడకుండా పోయింది. డిసెంబరు 31న శవం దొరికింది. 1985లో పక్కింటి యువకుడు గై పాల్ మోరిన్‌ని అరెస్టు చేశారు. 1986లో కోర్టు అతన్ని నిర్దోషి అంది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది. రెండో విచారణలో, 1992లో, యావజ్జీవ శిక్ష పడింది. 1995 జనవరిలో డి.ఎన్.ఎ. పరీక్ష అతను కాదని తేల్చింది. పదేళ్ళు ఆ మనిషి బతుకు అలా గడిచింది.

అతని మీద చూపిన సాక్ష్యాల్లో ఒక వెంట్రుక, కొన్ని బట్టల పోగులు ఉన్నాయి. అమ్మాయి బట్టల మీద, వస్తువుల మీద దొరికిన కొన్ని పోగులూ, మోరిన్ కారులో, ఇంట్లో దొరికిన కొన్ని పోగులూ ఒకేలా ఉన్నాయన్నారు. ఇలా ఎలా జరిగిందో విచారించడానికి జస్టిస్ ఫ్రెడ్ కాఫ్‌మన్ అధ్యక్షతన కమిషన్ వేశారు. 1998లో నివేదిక వచ్చింది, 119 సిఫార్సులు. పక్కపక్క ఇళ్ళలో ఉన్నవాళ్ళ మధ్య అలాంటి పోగులు కనబడడం వల్ల ఏమీ రుజువు కాలేదని అందులో రాశారు. అంతకన్నా ఘోరం, పరీక్షకి వచ్చిన పోగులు టొరాంటోలోని ప్రభుత్వ ప్రయోగశాలలోనే వేరే పోగులతో కలుషితమయ్యాయి. ఆ సంగతి పరీక్ష చేసినవాళ్ళకి తెలిసినా కోర్టుకి చెప్పలేదు. "సరిపోయింది", "పొంతన ఉంది" లాంటి మాటలు వినేవాళ్ళని తప్పుదోవ పట్టిస్తాయని, ఇకమీద శాస్త్రజ్ఞులు తమ పరీక్షకి ఉన్న హద్దులేమిటో తేటతెల్లంగా చెప్పాలని కమిషన్ అంది.

పత్రికలో ఆ మాట చదువుతూ ఉంటే కాఫీ చల్లారిపోయింది. "సరిపోయాయి." నా మాటే.

పోగుల సాక్ష్యం ఎప్పుడూ పనికిరాదని కాదు. 1979 నుంచి 1981 దాకా అమెరికాలో అట్లాంటాలో జరిగిన పిల్లల హత్యల కేసు ఉంది. శవాల మీద పచ్చటి నైలాను తివాచీ పోగులు దొరికాయి. అడ్డుకోతలో మూడు రెక్కలు, అందులో రెండు పొడుగు, ఒకటి పొట్టి. అలాంటి బిళ్ళ వాడినది వెల్‌మన్ అనే కంపెనీ అని పట్టుకున్నారు. ఆ పోగుతో, ఆ రంగులో తివాచీ నేసినది జార్జియాలో ఒక మిల్లు, అదీ కొద్దికాలం మాత్రమే. దానికి తోడు దుప్పటి పోగులు, కారు తివాచీ పోగులు, కుక్క వెంట్రుకలు. ఇవన్నీ ఒకే ఇంటి వైపు చూపించాయి. 1982లో వేన్ విలియమ్స్‌కి రెండు హత్యలకి శిక్ష పడింది. తాను నిర్దోషినని అతను అంటూనే ఉన్నాడు. అయినా అక్కడ పరీక్షకులు వేసుకున్న ప్రశ్న సరైనది: ఇలాంటి పోగు లోకంలో ఎంత అరుదు? నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఎర్ర అక్రిలిక్ పోగు కెనడా చలికాలంలో ఎంత అరుదు? వీధిలో మంచు ఎంత అరుదో అంత.

నివేదిక సంగతి చదివిన వారానికి ఎడ్మంటన్ ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. ఇరవయ్యేళ్ళ తరువాత. పేరు చెప్పగానే, "చెప్పు గురూ" అన్నాడు, నిన్న విడిపోయినట్టు. నేను మోరిన్ కేసు నుంచి మొదలుపెట్టి ఏదేదో చెప్పుకుపోయాను. అంతా విన్నాడు. అతనూ ఇంజనీరే. చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ రోజు నా కోటు ఒక్కటే చూశావా, నీ కోటు కూడా చూసుకున్నావా?"

"లేదు" అన్నాను.

"అదే నాకు ఎప్పుడూ అర్థం కాలేదు" అన్నాడు. తరువాత పిల్లల చదువుల గురించి అడిగాడు.

ఆ ఏడాది దీపావళికి మా ఇంట్లో పదిహేనుమంది చేరారు. కోట్లు యథాప్రకారం మంచం మీద వేశారు. భోజనాలయ్యాక నేను చేయబోయే పని చెప్పి, వాళ్ళ అనుమతి తీసుకొని, పదకొండు కోట్ల మీద టేపు అద్దాను. మర్నాడు చూస్తే తొమ్మిది కోట్ల మీద ఎర్ర అక్రిలిక్ పోగులు ఉన్నాయి. నా కోటు మీద పన్నెండు. అందులో కొన్ని ఒక పాప టోపీవి అయి ఉండవచ్చు. కొన్ని ఎక్కడివో ఆ దేవుడికే తెలియాలి. అయి ఉండవచ్చు అని ఎందుకంటున్నానో ఇప్పుడు మీకు తెలుసు. 1977లో ఆ రాత్రి అక్కయ్యగారి ఒంటిమీద కూడా అదే దారంతో అల్లిన శాలువ ఉంది. గుమ్మంలో నిలబడి అందరి కోట్లూ అందుకొని మంచం మీద వేసినది ఆవిడే. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని నాకు లేదేమో.

క్రిస్టీన్ జెసప్‌ని చంపినది ఎవరో 2020 అక్టోబరులో టొరాంటో పోలీసులు డి.ఎన్.ఎ. వంశవృక్షాల ద్వారా కనుక్కొని ప్రకటించారు. ఆ కుటుంబానికి పరిచయం ఉన్న వేరొక మనిషి. 2015లోనే చనిపోయాడు. పోగులు పక్కింటి వైపు చూపిస్తున్నాయని అందరూ అటే చూస్తూ ఉన్న ఆ ఏళ్ళన్నీ అతను స్వేచ్ఛగా తిరిగాడు. నిర్దోషిని పట్టుకోవడంలో ఉండే రెండో తప్పు ఇది.

మా సంచి కేసులో ఎవరూ జైలుకి వెళ్ళలేదు. ఒక మనిషి ఊరు విడిచిపెట్టాడు, అంతే. పినతల్లి కుటుంబంలో ఇద్దరే మిగిలారని అతనికి ఉత్తరం వచ్చినది ఆ జనవరిలో. ఆ రోజు ఒక్క గదిలో ఉండి కూడా నేను అతన్ని పలకరించలేదు. దొంగతనం చేసినవాణ్ణి ఎలా పలకరించాలో తెలియక.

పాత సభ్యుల్లో ఎవరికైనా "సంచి మనిషి" అన్న మాట గుర్తుంటే, దయచేసి దాన్ని ఇవాళ్టితో మరిచిపోండి. మీ పిల్లలకి చెప్పి ఉంటే వాళ్ళకి ఈ కాగితం చూపించండి. ఆ డబ్బు ఎవరూ తీయలేదు. తీశాడని చెప్పినవాణ్ణి నేను.

ఈ వ్యాసం సంపాదకులకి ఇచ్చే ముందు ఫోనులో అతనికి మొత్తం చదివి వినిపించాను. రెండు సవరణలు చెప్పాడు. నేను 480 డాలర్లు అని రాశాను; 485 అన్నాడు, తాను అప్పు తీర్చాడు కనుక తనకి బాగా గుర్తట. రెండోది, కోటు బూడిదరంగు అని రాశాను. "నీలం గురూ" అన్నాడు. టేపు అద్దిన కోటు నాకు బూడిదరంగుగానే గుర్తుంది, ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అలాగే కనబడుతుంది. కాని కోటు అతనిది. పైన రెండుచోట్లా దిద్దాను.